ప్రళయకావేరి రేవును జపాను ఖడ్గపు కాపుబిళ్ళలును: వింత ఆకృతుల ప్రామాణ్యవిచారము

తిరువళ్ళూరు జిల్లాలో పొన్నేరికి ఈశాన్యమున, సముద్రమునకును ఉప్పునీటి సరస్సునకును నడుమ నొక పాత రేవు కలదు. తెలుగువారు దానిని ప్రళయకావేరి యందురు. తమిళులు పళవేర్కాడు అందురు. ఐరోపావారి నోట నది పులికాట్ అయినది. 1610లో ఆరవీటి వేంకటపతిదేవరాయల యనుమతి పొంది డచ్చివారు ఇచట వర్తకశాల నెలకొల్పిరి. 1613లో గెల్డ్రియా యను కోట వెలసినది. 1690లో తమ ప్రధానస్థానమును నాగపట్టణమునకు మార్చువరకు, చోళమండలతీరమున వారి వ్యాపారమునకంతకు ఈ యూరే కేంద్రము. నేడు కోట శిథిలమై పొదలలో మునిగినది. ద్వారమున అస్థిపంజరములు చెక్కిన శ్మశానవాటిక మాత్రము చూడవచ్చువారి నాకర్షించుచున్నది. ఆ రాళ్ళపై డచ్చి పేర్లు చదువువారు, ఇచట సరకు నింపుకొన్న ఓడలు ఎందాక పోయినవని అడుగుట అరుదు. ఆ సరకులో కొంత బటేవియా మీదుగా జపానునకు చేరెడిది.

ఈ సంబంధమును ఆధారముగా గొని కొందరు రెండు మాటలు చెప్పుచుందురు. సమురాయి వీరుల ఖడ్గములు మన దక్షిణదేశపు ఉక్కుతోనే చేయబడినవనునది మొదటిది. జపాను ఖడ్గమునకు అమర్చు కాపుబిళ్ళ వింత ఆకృతితో కనబడినచో, అది మన తీరమున తయారైనదే యనునది రెండవది. వీనికి నెదురుగా మూడవ మాటయు కలదు: వింతగా నున్న బిళ్ళ నకిలీ యని. మొదటి రెండును తెలుగువారి చెవికి ఇంపైనవి. మూడవది పాత వస్తువులను అమ్మువారికిని కొనువారికిని సులభమైనది. ఇంపుగా నుండుటయు సులభముగా నుండుటయు ప్రమాణములు కావు గనుక, బిళ్ళనే సాక్షిగా నిలిపి ఈ మూడింటిని పరీక్షింపవలసి యున్నది.

ముందుగా వస్తువేదో తెలియవలెను. కత్తికి అలుగు, పిడి, ఒర యను మూడు భాగములు మనకు తెలిసినవే. అలుగునకును పిడికిని నడుమ, చేయి జారి వాదరపై పడకుండ, అడ్డముగా నుండు బిళ్ళను జపానీయులు త్సుబ యందురు. ఈ వ్యాసమున నది కాపుబిళ్ళ యని వ్యవహరింపబడును. మన దేశపు ఖడ్గములలో నిట్టి రక్షణ పిడితో కలిసియే యుండును. చెన్నపట్టణమున ఎగ్మూరు ప్రదర్శనశాలలో నున్న తంజావూరు ఆయుధములను చూచినవారికి ఇది తెలియును: అచటి కటారులకు చేతివ్రేళ్ళను మూయు గవ్వవంటి రేకు పిడితో ఒకటియై యున్నది, దానిని విడదీసిన ఆయుధమే చెడును. జపాను ఖడ్గమట్లు కాదు. పిడిలో దూరిన అలుగుతోకను ఒక వెదురుచీల పట్టియుంచును. ఆ చీలను తీసినచో పిడి, రాగి పలకలు, కాపుబిళ్ళ వేరువేరుగా ఊడివచ్చును. ఒకే అలుగునకు తండ్రి యొక బిళ్ళను, కుమారుడు మరియొకదానిని వేసికొనవచ్చును. పండుగకొకటి, ప్రయాణమునకొకటి యుండవచ్చును.

ఇట్లు ఊడివచ్చు గుణమే ఈ విచారమునకంతకు మూలము. 1876 మార్చిలో జపాను ప్రభుత్వము, సైనికులకును రక్షకభటులకును తప్ప, బహిరంగముగా ఖడ్గధారణము కూడదని శాసించినది. తరతరములుగా వచ్చిన ఖడ్గములు పెట్టెలలో పడినవి. బిళ్ళలు మాత్రము అలుగులనుండి విడివడి, కళాఖండములుగా లండనునకు, పారిసునకు, అమెరికాకు వేలకొలది తరలినవి. వానికై ఐరోపాలో మోజు పెరుగగా, ఖడ్గముతో నిమిత్తము లేకుండ, విదేశీయులకొరకే క్రొత్త బిళ్ళలు పుట్టసాగినవి. ఏ కత్తిమీద నుండెనో, ఏ యింటిదో తెలియని వస్తువు తన చరిత్రను తన దేహముమీదనే చూపవలసి వచ్చినది.

సామాన్యమైన కాపుబిళ్ళ ఆరు మొదలు తొమ్మిది సెంటీమీటర్ల అడ్డుకొలత గలది. మందము కొలది మిల్లీమీటర్లే. నడుమ అలుగుతోక దూరు రంధ్రము. అది వాదరవైపు సన్నము, వీపువైపు వెడల్పు. రంధ్రముచుట్టు కోడిగ్రుడ్డు ఆకారమున చదునైన తావు. ఇరుప్రక్కల నింకను రెండు రంధ్రములుండవచ్చును: అర్ధచంద్రాకారమైనది ఒరలో దోపు చిన్న చాకునకు, మూడు రేకుల వంపు గలది, జుట్టు సవరించుకొను పుల్లవంటి పనిముట్టునకు. ఒర కడుపున వానికి గాళ్ళుండును. బిళ్ళలోని రంధ్రములు వానికి దారి యిచ్చును.

బిళ్ళ చేయు పనులు పెక్కు. చేతిని కాచుట తెలిసినదే. పిడిదగ్గర బరువు నిలిపి ఖడ్గమును తూకములో నుంచుట రెండవ పని. ఒరలో బిగిసియున్న అలుగును దూయుటకు ముందు ఎడమచేతి బొటనవ్రేలితో బిళ్ళ యంచును నెట్టి పట్టు సడలింతురు, ఇది మూడవది. ద్వంద్వయుద్ధమున ఇరువురి బిళ్ళలు ఒకదానికొకటి ఆని పెనగులాట జరుగును. ఎవరు గెలుతురో చెప్పరాని పోటీకి ఆ పెనగులాట పేరే నేటికిని జపాను భాషలో వాడుక. శత్రువు దెబ్బను బిళ్ళపైననే కాచికొందురని కొందరు తలతురు గాని, దెబ్బను కాచుటకు ముఖ్యముగా నుపయోగపడునది అలుగే. ఈ పనులను గుర్తుంచుకొన్నచో ఆకృతిని గూర్చిన సగము సందేహములు తామే తీరును.

గుండ్రనివి, పుచ్చకాయ ముక్కవలె నాలుగు రేకులుగా నొక్కబడినవి, మూలలు మొద్దుచేసిన చతురస్రములు, గుఱ్ఱపు జీను క్రింద వ్రేలాడు తోలుపలక ఆకారము గలవి — ఇవి వాడుకలో నున్న రూపములు. పిడికంటె ఏమంత పెద్దవి కాని చిన్న బిళ్ళలు చిన్న కత్తులకు. కొన్ని చిన్న కత్తులకు బిళ్ళయే యుండదు. ఇవి చూచి యలవాటుపడిన కంటికి వింతగా తోచునవి వేరు. వానిలోను అన్నియు నొక తరగతికి చెందవు.

ఉదాహరణమునకు, రాజాస్థానమున ఉత్సవఖడ్గములకు అమర్చు ఒక రూపము కలదు. దానిని బిళ్ళ యనుటకును వీలులేదు. నడుమ కోలగానుండు దిమ్మ, ఇరుప్రక్కల ఉంగరములవంటి వంపులు. దేవునికి నివేదించు బియ్యపుపిండి ముద్ద పేరే దానికి పెట్టబడినది. దానివలన చేతికి రక్షణ స్వల్పము. అట్లని నకిలీ కాదు. జపాను ఖడ్గములలో మిగుల గౌరవము గల రూపములలో నదియొకటి. తిరుత్తణి కొండకు భక్తులు కొనిపోవు వేలాయుధములను తలచుకొన్నచో ఈ మాట స్పష్టమగును. ఆ వేలుతో నెవరును పోరాడరు. పలుచని రేకుతో చేసినదియు, చెంపకు గ్రుచ్చుకొను వ్రేలెడు వేలును అందున్నవి. దానిని పట్టుకొని ఇది యుద్ధమున విరిగిపోవును గనుక దొంగవేలు అని ఎవ్వరైన ననినచో వానిని చూచి కొండమెట్లే నవ్వును. వస్తువు దేనికొరకు చేయబడినదో ఆ పనికి తగియున్నదా యనునదే ప్రశ్న.

అట్లే తోలుబిళ్ళలు. పొరలుగా నదిమి గట్టిపరచిన తోలునకు లక్కపూత పూసి కాపుబిళ్ళలు చేసెడివారు. లోహమే కావలెననుకొన్నవారు వీనిని బొమ్మకత్తుల భాగములని త్రోసివేయుదురు. నిజమునకవి తేలికయై, దృఢమై, పూర్వకాలమున వాడుకలో నుండినవి. ఇంకను వెనుకకు పోయినచో, జపాను ప్రాచీన సమాధిదిబ్బలలో దొరకిన ఇనుపబిళ్ళలు తలక్రిందు గ్రుడ్డువలె నుండి, అంచువెంబడి కిటికీలవంటి రంధ్రములు గలవి. నేటి చేతికి అవి వింతలే. వాని కాలమున అవియే సామాన్యములు.

మియమొటొ ముసాషి యను ప్రసిద్ధ ఖడ్గవీరుడు 1645లో మరణించెను. ఆయన చేసినదని చెప్పబడు బిళ్ళ రూపమొకటి యున్నది: ఎడమకుడులందు రెండు పెద్ద కోల రంధ్రములు, మిగిలిన ఇనుము బహు స్వల్పము, సముద్రమున నుండు ఒక మెత్తని జంతువు పేరు ఆ రంధ్రములకు పెట్టిరి. సాదాతనమే దాని అందము. సాదా వస్తువును అనుకరించుట సులభము గనుక దాని నకళ్ళకు లెక్కలేదు. ఇచట ఆకృతి సరిగానుండుటయే సందేహమునకు కారణమగుచున్నది. వింతగా నున్నది నిజము కావచ్చును; ప్రసిద్ధముగా నున్నది నకలు కావచ్చును.

అట్లయిన పరీక్ష దేనిమీద నిలుచును? తిరువళ్ళూరు జిల్లావారికి దీనికి దగ్గర నిదర్శనమొకటి కలదు. 1863లో రాబర్టు బ్రూసు ఫుట్టు అను భూగర్భశాస్త్రజ్ఞుడు అత్తిరంపాక్కమునందు రాతిగొడ్డళ్ళను గుర్తించెను. అవి వాగులో దొరలి పగిలిన గులకరాళ్ళు కావని ఎట్లు తెలిసెను? ఆకారము వలన మాత్రమే కాదు. పెచ్చులు ఊడిన తీరు, ఇరువైపులనుండి అంచు దీర్చిన క్రమము, ఆ రాళ్ళు ఉండిన పొర — ఇవి చూపినవి. 2011లో ప్రకటింపబడిన పరిశోధన వానిని సుమారు పదిహేను లక్షల సంవత్సరముల నాటివిగా నిర్ణయించినది. పూండి ప్రదర్శనశాలలో వానివంటి రాళ్ళను చూడవచ్చును. చేసిన చేతి గుర్తు, వాడిన చేతి గుర్తు; ఈ రెండును వస్తువుమీద మిగులును. కాపుబిళ్ళకును ఇదే మార్గము.

వాడుక గుర్తులలో మొదటిది తోకరంధ్రము. ప్రతి అలుగుతోకకును మందము వేరు. బిళ్ళను క్రొత్త అలుగునకు మార్చినపుడు వదులైనచో, రంధ్రపు టంచున ఉలితో గుద్ది లోహమును లోపలికి త్రోసెడివారు. లేదా రంధ్రపు కొనలయందు రాగిముక్కలు బిగించెడివారు. కావున రంధ్రముచుట్టు పాత గుద్దుగుర్తులు, రాగిముక్కలు నున్నచో ఆ బిళ్ళ ఒకటికంటె నెక్కువ ఖడ్గములమీద నుండినదని ఊహింపవచ్చును. కాని అలంకారమునకై చేసినట్లు సమానమైన దూరములలో, ఒకే లోతున గుర్తులున్నచో జాగ్రత్తపడవలెను. అవసరము కొలది కొట్టిన దెబ్బలు అంత పొందికగా నుండవు.

రెండవది చదును తావు. బిళ్ళకు ఇరువైపులను పలుచని రాగి పలకలు ఆనుకొనియుండును. అందువలన ఆ తావున రంగు తక్కినచోటికంటె భిన్నముగ మారి, పలక అంచు జాడ గీతవలె మిగులును. అచట నగిషీ పైకి లేచియున్నచో పలక ఆనదు. పలక ఆననిచో పిడి బిగియదు. అట్టి బిళ్ళ ఖడ్గముపై నెక్కినది కాదు. దానిని చేసినవాడు ఖడ్గమును ఎరుగనివాడైన కావలెను, లేక చూపుటకే చేసినవాడైన కావలెను. ఇచటను తొందర పనికిరాదు. కానుకలకై ఉత్తమశిల్పులు చేసి యిచ్చిన బిళ్ళలు కొన్ని ఎన్నడును ఖడ్గమునకు ఎక్కలేదు. వాడుక గుర్తు లేకపోవుట వాడలేదనుటకు సాక్ష్యమే గాని, దొంగది యనుటకు కాదు.

మూడవది లోహము. ఇనుపబిళ్ళ సాగగొట్టి చేసినదా, పోతపోసినదా యని చూడవలెను. పోతలో లోపలి మూలలు మొద్దువారి యుండును. రంధ్రపు గోడలమీద అచ్చు రెండు సగములు కలిసిన చార, సన్నని బుడగలగుంటలు కనబడును. చేతితో కోసిన రంధ్రపు గోడపై ఆకురాయి గీతలు నిలువుగనో ఏటవాలుగనో నుండును. నేడు అలంకారఖడ్గములకు వచ్చు బిళ్ళలలో పెక్కు పోతలే. అయితే పోత యనగనే త్రోసివేయరాదు. అద్దములు పోతపోయు పనివారు కంచుతోను రాగిమిశ్రమములతోను చేసిన పాత బిళ్ళలు జపానున కలవు. వానికి పోతయే సహజము. ఇనుమున దోషమైనది కంచున గుణము కావచ్చును.

త్రుప్పు విషయమున చెప్పవలసినది ఎక్కువే యున్నను ఇచట కొంత చాలును. పాత ఇనుపబిళ్ళమీద నలుపునకును కపిలవర్ణమునకును నడిమి రంగు, చేతిరాపిడిచే నిగనిగలాడుచు, లోతుగా పట్టియుండును. ఆమ్లముతో తెచ్చిన త్రుప్పు ఎఱ్ఱగా, పొడిగా, గోటికి రాలునట్లుండును. పాత బిళ్ళమీద ఎఱ్ఱత్రుప్పు కనబడినచో మెత్తని గుడ్డతో ఓపికగా రుద్దుటయే మార్గము. చింతపండు, గరుకు కాగితము పెట్టి తోమి తళతళలాడించినచో మూడువందల ఏండ్ల రంగు మూడు నిమిషములలో పోవును. తరువాత దానిని పరీక్షింపగల పండితుడుండడు. ఇత్తడి చెంబుల అలవాటును ఇనుపబిళ్ళల దగ్గర మానుకొనవలెను.

బంగారపు పూతపని మరియొక సాక్షి. జపానువారి యొక పద్ధతిలో ఇనుముమీద అల్లికవలె సన్నని గీతలు గీసి, పలుచని బంగారు రేకును దానిపై గుద్ది అతుకుదురు. ఉత్తరదేశమున కత్తిపిడులమీద చేయు కోఫ్త్‌గరి పనియు నిట్టిదే. ఇది బిదరీ పని కాదు. బిదరీలో లోతుగా చెక్కిన గాళ్ళలో వెండిని పొదుగుదురు. వాడుకచే బంగారము అరిగినచోట క్రిందనున్న గీతల అల్లిక బయటపడును. అరిగినచోట నునుపైన ఇనుము కనబడినచో అది రేకు కాదు, రంగే.

పేరుచెక్కడము అన్నిటికంటె తక్కువ నమ్మదగినది. సామాన్యముగా వాదరవైపు పైకుండునట్లు పట్టి ముఖభాగమును చూచినపుడు తోకరంధ్రమునకు ఎడమప్రక్క శిల్పి పేరుండును. నొబుయియె వంటి ప్రసిద్ధుల పేర్లు ఆ కాలముననే ఇతరులు చెక్కుకొనిరి. పేరు చూచి బిళ్ళను నిర్ణయించుటకంటె, బిళ్ళను చూచి పేరును నిర్ణయించుట మేలు.

మన కుటుంబములలో నెచటనైన జపాను ఖడ్గము బయటపడినచో అది బర్మా యుద్ధపు జ్ఞాపకమగుటకే యెక్కువ అవకాశము. 1945లో లొంగిపోయిన జపాను అధికారుల ఖడ్గములు విజేతలపక్షపు సైనికులచేత చిక్కినవి. ఆ సైన్యమున భారతీయులు పెక్కుమంది. 1934, 1938 సంవత్సరముల నమూనాలకు చెందిన ఆ సైనికఖడ్గముల బిళ్ళలు పసుపుపచ్చని లోహముతో, నాలుగు వంపుల అంచుతో, చెర్రీపూల నగిషీతో నుండును. ఒరలో ఖడ్గమును పట్టియుంచు మీటకు ప్రత్యేకముగా నొక చిన్న రంధ్రము కూడ నుండును. అవి కర్మాగారములలో రాశిగా చేయబడినవి. పాతకాలపు సమురాయిది యని చెప్పినచో అబద్ధము; ఇరువదవ శతాబ్దపు యుద్ధమునాటిదని చెప్పినచో అచ్చమైన నిజము. అయితే అలుగు మాత్రము కొన్నిట పూర్వుల నాటిదై యుండవచ్చును. బిళ్ళను చూచి అలుగును పాతసామానువానికి అప్పగింపరాదు.

ఇక ప్రళయకావేరితో ముడిపడు నంబన్ బిళ్ళల సంగతి. నంబన్ అనగా దక్షిణపు అనాగరికులు. 1543లో పోర్చుగీసువారు జపాను చేరిరి; దక్షిణసముద్రముల మీదుగా వచ్చినందున వారికి ఆ పేరు వచ్చినది. వారిని 1639లో వెడలగొట్టిరి. డచ్చివారిని 1641లో నాగసాకి చెంతనున్న డెషిమా అను చిన్న కృత్రిమద్వీపమునకు పరిమితము చేసిరి. క్రమముగా విదేశీరీతి గల ప్రతి వస్తువునకును నంబన్ అను విశేషణము వాడుకైనది. నంబన్ బిళ్ళలలో తీగెలు ఒకదానిక్రింద నొకటి దూరునట్లు లోతుగా చెక్కబడి యుండును. నడుమ ఎదురెదురుగా రెండు నాగములవంటి డ్రాగనులు, వాని మధ్య మణి. కొన్నిట ఆ మణి ఊడిరాకుండ లోపలనే కదలాడును. చదును తావు గ్రుడ్డు ఆకారమున గాక దీర్ఘచతురస్రముగనో, రంపపుపళ్ళ అంచుతోనో యుండవచ్చును. ప్రక్కరంధ్రములు నియమము తప్పి యుండును. తీగెల నడుమ గీతల అల్లికపై బంగారము.

ఈ తీగెలు చూడగానే మన గోపురద్వారముల లతలు గుర్తుకు వచ్చును. అచటనే మోసపోవుట జరుగును. ఇట్లు లోతుగా తొలిచిన డ్రాగను తీగెల ఇనుపపని చైనాయందును టిబెట్టునందును, జీనుల పలకలమీద, నంబన్ బిళ్ళలకంటె ముందునుండియే కలదు. రెండు డ్రాగనుల నడుమ మణి చైనాదేశపు సంప్రదాయము. బిళ్ళ రెండు తమ్మెలుగా విడిపోయినట్లుండుట ఐరోపా చిన్నఖడ్గపు కాపురేకును తలపించును. ఆ ఖడ్గపు పిడులను డచ్చి కంపెనీవారికై రాగి బంగారముల నల్లని మిశ్రమముతో ఆసియాలోనే చేసిరి. కొన్ని జపానున, కొన్ని టోంకినున చేసినవని పండితులు చెప్పుదురు. ఇన్ని దారులు కలిసినచోట జపాను శిల్పులు తమ ఖడ్గమునకు తగినట్లు క్రొత్తరూపమును కల్పించుకొనిరి. నాగసాకి, హిజెన్ ప్రాంతములలో నీ పని విస్తారముగా జరిగినది. ఆకృతి విదేశీయము, తోకరంధ్రమును ప్రక్కరంధ్రములును జపాను ఖడ్గమునకు తగినవి. ఒకవేళ తోకరంధ్రము తరువాత విస్తరింపబడినట్లు, నగిషీని కోసికొనుచు పోయినట్లు కనబడినచో, అది మొదట వేరొక దేశపు కత్తిదై పిమ్మట జపానునకు వచ్చి మార్చబడినదని విచారింపవచ్చును. అపుడైనను ఆ దేశము మనదే యనుటకు వేరు ఆధారము కావలెను. తీగె యొక్కటి చాలదు.

ఉక్కు మాట మరింత సున్నితమైనది. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రము మూసయుక్కునకు పేరుగాంచినది. పారసీక వర్తకులు దానికై అంతదూరము వచ్చెడివారు. ఆంగ్లమున ఆ యుక్కునకు పెట్టిన పేరే మన ఉక్కు శబ్దమునుండి పుట్టినదని పండితులు తలతురు. డచ్చివారు మచిలీపట్టణమువైపు రేవులనుండి ఇనుమును ఉక్కును బటేవియాకు పంపిరి. ఇంతవరకు సందేహము లేదు. 1621లో మరణించిన యసుత్సుగు అను జపాను కమ్మరి తన అలుగుతోకలపై నంబన్ ఇనుముతో చేసితినని చెక్కెను, ఇదియు నిజమే. అయితే నంబన్ ఇనుము అనగా విదేశపు టినుమని మాత్రమే అర్థము, గోల్కొండదని కాదు. పైగా మన మూసయుక్కున కానవచ్చు నీటిచారల అందము, జపాను పద్ధతిలో పదేపదే మడచి కాచి సాగగొట్టినపుడు నిలువదు. కావున కంటితో చూచి ఇది మనదనుటకు వీలులేదు. జపానువారి ఖడ్గములలో అత్యధికభాగము తమ దేశపు ఇనుపఇసుకను కరగించిన ఉక్కుతో చేసినవే. కొన్ని అలుగులలో మన ఉక్కు చేరియుండవచ్చుననువరకే ఆధారము కొనిపోవును.

బిళ్ళల విషయమున ఆ వాదము మరింత బలహీనము. మూసయుక్కు గట్టిది, బొగ్గుసారము మిక్కిలిగా గలది. దానిని ఉలితో లతలుగా తొలుచుట దుష్కరము. కాపుబిళ్ళకు కావలసినది ఉలికి లొంగు మెత్తని ఇనుము. వాదరకు పనికివచ్చు ఉక్కును తెచ్చి బిళ్ళకు వాడుట, చందనపు కట్టెను పొయ్యిలో పెట్టుటవంటిది. నంబన్ బిళ్ళ మన ఉక్కు అనువాడు ఏ కమ్మరినైన ఒకమాట అడిగినచో చాలును.

ఉక్కు, లత రెండును జారిపోయినపుడు తీరమునకు మిగిలినదేమి? మిగిలినది తక్కువ కాదు. జపాను ఖడ్గపు పిడిమీద, పట్టుత్రాటి అల్లిక క్రింద, గరుకైన తోలొకటి యుండును. చెమటపట్టిన చేయి జారకుండ అది త్రాటిని పట్టియుంచును. అది టేకుచేప తోలు. ఆ చేపను తమిళులు తిరుక్కై యందురు. ముత్యములవంటి తెల్లని గింజలతో నుండు ఆ తోలుకై జపానువారు విదేశములమీద ఆధారపడిరి. డచ్చివారు దానిని సయాము మొదలగు దేశములనుండియు, ఈ చోళమండలతీరమునుండియు కొనిపోయిరి. ఆ తోలునందును నకిలీలు కలవు. గింజలు చిన్నవైన చోట పెద్ద గింజలను తెచ్చి అతికెడివారు. వట్టి కంటికి గింజ మొదట అతుకు కనబడును.

వస్త్రముల సాక్ష్యము అంతకంటె స్పష్టము. జపాను భాషలో ఒకవిధమగు చారల నూలుబట్టకు సంతొమె యని పేరు. అది మైలాపూరు ప్రక్కనున్న శాంతోము నామమే. కాపుబిళ్ళపై మన దేశపు పేరు వెదకువారికి అది దొరకలేదు. ఆ ఖడ్గమును ధరించిన దేశపు జనుల బట్టపై నది నేటికిని నిలిచియున్నది. నేతగాండ్రును చేపలవారును పంపిన సరకు నిశ్చయముగా చేరినది. కమ్మరి పంపినది చేరియుండవచ్చును. శిల్పి చెక్కిన బిళ్ళ పోయినదనుటకు ఆధారము లేదు.

ఎవరి యింటనైన నిట్టి బిళ్ళ యున్నచో, తుడువకముందే ఇరువైపులను అంచును పగటివెలుతురులో ఛాయాచిత్రములు తీయవలెను. అడ్డుకొలత, నిలువుకొలత, అంచుదగ్గరను తోకరంధ్రముదగ్గరను మందము, బరువు వ్రాసికొనవలెను. అలుగు కూడ నున్నచో బిళ్ళను దానికి తొడిగి వదులా బిగుతా చూడవలెనే గాని సుత్తితో దింపరాదు. అలుగుతోకపై త్రుప్పును తాకరాదు, దాని రంగే వయస్సును చెప్పును. ఎవరినుండి, ఏ ఊరినుండి, ఏ సంవత్సరమున వచ్చినదో పెద్దలు చెప్పినంతవరకు కాగితముపై వ్రాసి దానితోనే యుంచవలెను. నూరేండ్లు దాటిన కళావస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టము వర్తించును. అనుమతి లేక అట్టివానిని దేశము దాటింపరాదు. పోల్చిచూచుటకు ఎగ్మూరునందలి దక్షిణదేశపు ఆయుధములును, హైదరాబాదు సాలార్ జంగ్ ప్రదర్శనశాలలోని జపాను కళావస్తువుల విభాగమును దగ్గరలో నున్నవి.